ఆడపిల్లలు టాయిలెట్‌కి ఇద్దరేసి వెళ్తుంటే ముందు గడియ చూడండి

బళ్లో టాయిలెట్లు ఉన్నాయి, నీళ్లొస్తున్నాయి, ఆయా రోజూ కడుగుతోంది. అయినా ఆడపిల్లలు ఒక్కరే వెళ్లరు. కొందరు సాయంత్రం దాకా మంచినీళ్లే ముట్టరు. ఇద్దరేసి వెళ్తుంటే "స్నేహితులు కదండీ" అని టీచర్లు నవ్వేస్తారు. రెండో పిల్ల బయట నిలబడి తలుపు పట్టుకుంటోందండీ!

లోపలికెళ్లి గడియ పెట్టుకుని, బయట నుంచి ఒకరిని భుజంతో నెట్టమనండి. టాయిలెట్లు బాగుచేయమని నన్ను పిలిచిన బళ్లలో ఈ పని ముందే చేసినవాళ్లు దాదాపు లేరు. బల్బులు, బకెట్లు, ఫినాయిల్ మాత్రం చూసుంటారు.

గడియ పడుతోంది, అయినా నెడితే తలుపు వచ్చేస్తోందా? నన్ను ఏడిపించింది ఇదే. మన నెల్లూరు, ప్రకాశం వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు చెక్క తలుపు ఉబ్బి గుమ్మానికి పట్టేస్తుంది. వడ్రంగి అంచు చిత్రిక పట్టి వెళ్తాడు. ఆ రోజుకి అంతా బాగుంటుంది. మార్చి ఎండలకు చెక్క ఆరి కుంచించుకుపోతుంది, సందు పెరుగుతుంది, గడియ కొన రంధ్రంలోకి గోరంత కూడా దిగదు. చూడ్డానికి మాత్రం వేసినట్టే ఉంటుంది. నేనూ ఒక బళ్లో డిసెంబరులో చిత్రిక పట్టించి, గడియ వేసి చూసి, డబ్బు తీసుకుని వచ్చేశాను. ఎండాకాలంలో ఒక పిల్ల లోపలుండగా తలుపు తెరుచుకుంది. మూడు రోజులు బడికి రాలేదట.

అందుకని వానల్లో తలుపు ఆడేంత వరకే చిత్రిక పట్టించండి. ఎండలు వచ్చాక నాలుగు అంచులకూ, ముఖ్యంగా నీళ్లు తగిలే కింది అంచుకి, ప్రైమర్ కొట్టి రెండు కోట్లు పెయింట్ వేయించండి. పొట్టి గడియ తీసేసి ఆరంగుళాలది బిగించండి. ఎండాకాలంలో కూడా గుమ్మంలోకి అంగుళం దిగాలి. ఒకటో తరగతి పిల్ల చేతికి అందాలి. పీవీసీ తలుపు ఉబ్బదు గానీ, బందుల స్క్రూలు వదులై కిందికి జారుతుంది. హ్యాండిల్ పట్టి పైకెత్తితే తెలిసిపోతుంది.

కావలి, కొత్తపట్నం లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలో ఇనప గడియ వద్దు, ఉప్పుగాలికి తుప్పు పట్టి బిగుసుకుంటుంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌ది వేయండి.

మెట్ల మీంచి చూస్తే వెంటిలేటర్లోంచి లోపల కనపడడం అరుదు, కనపడితే అద్దానికి రంగు పూస్తే సరి. సీసీ కెమెరా అంటారా, వచ్చే దారి మీదే, తలుపు వైపు తిప్పొద్దు.

అన్నట్టు, తలుపులకి బయట వైపు గడియలుంటే ఈరోజే పీకేయండి. ఆకతాయిలు వేసేసి పోతారు, లోపలి పిల్ల అరుస్తూ ఉంటుంది. రాత్రి తాళం వరండా గేటుకి వేస్తే చాలు.