కొనబోయే పాత కమారో జెడ్28 అసలుదా, తయారుచేసిందా? సమస్య - పరిష్కారం

మిషిగన్‌లో ఉండే మనవాళ్లకి ఆగస్ట్ అంటే డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల ఊరేగింపు గుర్తొస్తుంది, 1995లో మొదలైంది, వుడ్‌వర్డ్ అవెన్యూ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే పాత కమారోలు, షెవెల్‌లు, మస్టాంగ్‌లు, జీటీఓలు సాయంత్రం దాకా పోతూనే ఉంటాయి, ఒక్కసారి చూసినవాళ్లకి ఒకటి మన గరాజ్‌లో ఉంటే బాగుండు అనిపించకుండా ఉండదు. నాకూ అలాగే పట్టుకుంది. ఏడాదిపాటు వెతికి 1969 కమారో జెడ్28 (షెవర్లే కమారోలో రేసుల కోసం చేసిన రకం) ఒకటి ఫొటోల్లో చూసి, లే మాన్స్ బ్లూ రంగు, తెల్ల చారలు, నంబర్స్ మ్యాచింగ్ (అంటే ఇంజిన్ మీది నంబర్ బండితో కలుస్తుంది, ఒరిజినల్ ఇంజినే) అని రాసుంది, ఇంకెవరైనా ఎగరేసుకుపోతారేమో అని 1,500 డాలర్లు అడ్వాన్స్ పంపేశా. వారం తర్వాత వెళ్లి చూస్తే అది జెడ్28 కాదు. అడ్వాన్స్ వెనక్కి రాలేదు, ఎందుకంటే వెనక్కిస్తామని ఎక్కడా రాయించుకోలేదు. ఆ రోజు నించి నేర్చుకున్నదంతా ఇక్కడ పెడుతున్నా, ఎక్కువగా 1969 కమారో గురించే, నాకు బాగా తెలిసింది అదే కాబట్టి.

సమస్య 1: బండి నిండా జెడ్28 బ్యాడ్జీలు ఉన్నాయి, "విన్ నంబర్ (బండి గుర్తింపు నంబర్) కూడా మ్యాచ్ అవుతుంది" అంటున్నారు

కారణం: 1969 కమారో విన్ నంబర్‌లో జెడ్28 అనే సమాచారమే లేదు. 124379ఎన్ అని మొదలైతే, 1 అంటే షెవర్లే, 24 అంటే వీ8 కమారో, 37 అంటే కూపే, 9 అంటే 1969, ఎన్ అంటే ఒహాయోలో సిన్సినాటి పక్కనున్న నార్‌వుడ్ ఫ్యాక్టరీ (ఎల్ ఉంటే లాస్ ఏంజెలెస్ దగ్గర వాన్ నైస్). అంతే. మామూలు 307 (క్యూబిక్ అంగుళాల) ఇంజిన్ బండికీ జెడ్28కీ ఈ మొదటి అక్షరాలన్నీ ఒకటే. బ్యాడ్జీలు, చారలు, హుడ్, స్పాయిలర్ అన్నీ కొత్తవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఒక వారాంతంలో బిగించేయొచ్చు.

ఏం చేయాలి: విన్ నంబర్‌తో ఒక్క విషయం మాత్రం తేల్చుకోవచ్చు. 123 అని మొదలైతే అది ఫ్యాక్టరీ నించి సిక్స్ సిలిండర్ బండి, అక్కడితో మాట ఆపేయొచ్చు. 124 ఉంటే ముందుకెళ్లండి.

సమస్య 2: జెడ్28 అంటున్నారు, కానీ ఆటోమేటిక్ గేర్ ఉంది, లేదా ఏసీ ఉంది

ఇది అన్నిటికన్నా తేలికైన పరీక్ష. 1969లో జెడ్28 ఆర్డర్ చేస్తే ఫోర్ స్పీడ్ మాన్యువల్ తప్పనిసరి, ముందు డిస్క్ బ్రేకులు తప్పనిసరి, ఏసీ అసలు ఇచ్చేవాళ్లే కాదు. వెనక యాక్సిల్ 12 బోల్టులది, స్ప్రింగులు ఎక్కువ పట్టీలవి. కాబట్టి బండి కిందికి దూరి యాక్సిల్ కవర్‌కి ఎన్ని బోల్టులున్నాయో లెక్కపెట్టండి, 10 ఉంటే అది ఫ్యాక్టరీ జెడ్28 యాక్సిల్ కాదు. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ లోపల సీట్లకీ మధ్యనున్న రేకు గోడ) మీద ఏసీ కోసం కోసిన పెద్ద రంధ్రానికి రేకు వెల్డింగ్ చేసి మూసిన గుర్తు ఉందేమో చేత్తో తడిమి చూడండి, పెయింట్ ఎంత బాగా వేసినా ఆ అంచు వేలికి తగులుతుంది. "తర్వాత ఎవరో ఆటోమేటిక్ పెట్టించారు" అని చెప్తే నిజమే అయ్యుండొచ్చు, కానీ అది రుజువు చేయాల్సింది అమ్మేవాళ్లే.

సమస్య 3: ఇంజిన్ ఒరిజినల్ అంటున్నారు, నంబర్ చూపిస్తున్నారు, అయినా మనసులో ఏదో తేడా కొడుతోంది

ఇక్కడ నిదానంగా చూడాలి, నేను మోసపోయింది ఇక్కడే.

ఆ ఏడాది జెడ్28లో ఉండేది 302 ఇంజిన్, 290 హార్స్‌పవర్ అని కంపెనీ రాసుకుంది, ట్రాన్స్ ఆమ్ రేసుల్లో 5 లీటర్ల హద్దు దాటకూడదు కాబట్టి ఆ సైజులో చేశారు. ఇంజిన్ ముందు భాగంలో, ప్యాసింజర్ వైపు సిలిండర్ హెడ్‌కి కొంచెం ముందు, ఆల్టర్నేటర్ చాటున చదునుగా ఉండే చిన్న పలక లాంటి చోటు ఉంటుంది, దాన్నే స్టాంప్ ప్యాడ్ అంటారు. అక్కడ వీ0412డీజెడ్ లాంటిది కొట్టి ఉంటుంది. వీ అంటే ఫ్లింట్ ఇంజిన్ ప్లాంట్, 0412 అంటే ఏప్రిల్ 12, డీజెడ్ అంటే 1969 జెడ్28 ఇంజిన్. దాని పక్కన గానీ ఆయిల్ ఫిల్టర్ దగ్గర గానీ ఆ బండి విన్ నంబర్‌లో కొంత భాగం ఉండాలి, 19ఎన్ అని మొదలై బండి సీరియల్ నంబర్‌తో ముగుస్తుంది. ఇంజిన్ మీద ఇలా విన్ కొట్టడం 1968 నించి రూల్.

నంబర్ కనిపించింది కదా అని సంతోషపడొద్దు. మసిగుడ్డ మీద కాస్త బ్రేక్ క్లీనర్ పోసి ప్యాడ్ తుడిచి, టార్చ్ లైట్‌ని పక్కనించి ఏటవాలుగా పట్టుకుని చూడండి. ఫ్యాక్టరీ ప్యాడ్ మీద దువ్వెనతో దువ్వినట్టు సన్నటి గీతలు ముందునించి వెనక్కి తిన్నగా పోతాయి, అక్షరాలు ఆ గీతల మీద పడి ఉంటాయి. ఇంజిన్ రీబిల్డ్ చేసినప్పుడు షాపులో పైభాగం చెక్కేస్తే ఆ గీతలు పోతాయి, నున్నగా అయినా ఉంటుంది లేదా గుండ్రటి గీతలు పడి ఉంటాయి, అప్పుడు దాని మీదున్న నంబర్ తర్వాత ఎవరో సుత్తితో కొట్టిందే. రీబిల్డ్ చేయించడం తప్పు కాదు, చాలా బండ్లకి జరిగింది, కానీ తర్వాత కొట్టిన నంబర్‌ని ఒరిజినల్ అని ఒరిజినల్ రేటుకి అమ్మడమే మోసం.

ఆ తర్వాత తేదీల వరస. ముందు ఇనుము పోత పోస్తారు, తర్వాత ఇంజిన్ బిగిస్తారు, ఆ తర్వాతే బండి తయారవుతుంది, ఈ వరస ఎప్పుడూ తిరగబడదు. పోత తేదీ బ్లాక్ వెనక భాగంలో ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుంది, సీ 10 9 అంటే 1969 మార్చి 10 (ఏ జనవరి, బీ ఫిబ్రవరి, అలా). బండి తేదీ ఫైర్‌వాల్ మీదుండే ట్రిమ్ ట్యాగ్ అనే చిన్న రేకు పలక మీద ఉంటుంది, 03బీ అంటే మార్చి రెండో వారం. నేను చూసిన బండిలో ట్యాగ్ 03బీ, ఇంజిన్ ఏప్రిల్ 12. అంటే బాడీ తయారైన నెల తర్వాత ఆ ఇంజిన్ పుట్టింది! అది నిజమైన డీజెడ్ ఇంజినే, ఎక్కడినించో తెచ్చి ఈ బండిలో పెట్టారు, విన్ భాగం ఎందుకు లేదంటే "అరిగిపోయింది" అన్నారు. పక్కనే 0412 మాత్రం నిన్న కొట్టినట్టు స్పష్టంగా ఉంది.

సమస్య 4: ట్రిమ్ ట్యాగ్ కొత్తగా మెరుస్తోంది, లేదా దాని మీదున్నదీ బండీ కలవట్లేదు

కారణం: ట్యాగ్‌లు నకలు చేసి అమ్మేవాళ్లున్నారు. లేదా ట్యాగ్ నిజమే, బండినే మార్చారు.

నార్‌వుడ్‌లో 1968 డిసెంబర్ ప్రాంతం నించి తయారైన 1969 కమారోల ట్యాగ్ మీద ఎక్స్ కోడ్ ఒకటి ఉంటుంది, ఇది మనకి పెద్ద వరం. ఎక్స్33 గానీ ఎక్స్77 గానీ ఉంటే జెడ్28. ఎక్స్22, ఎక్స్66 అయితే 396 ఇంజిన్ ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్ రకం). ఎక్స్44 అంటే ఏ ప్రత్యేకతా లేని మామూలు బండి. ఎక్స్11 అంటే అలంకారాల ప్యాకేజీ ఉన్న బండి, అది ఎస్ఎస్ కావొచ్చు, మామూలుది కావొచ్చు, జెడ్28 మాత్రం కాదు. నాకు దొరికింది ఎక్స్11. ఆ రెండంకెలు ఫోన్లో ఒక్క ఫొటో అడిగుంటే అడ్వాన్స్ మిగిలేది. వాన్ నైస్ బండ్లకి ఈ కోడ్ లేదు, వాటికి కాగితాల మీదే ఆధారపడాలి.

రంగు కోడ్ కూడా అదే ట్యాగ్ మీద ఉంటుంది: 71 లే మాన్స్ బ్లూ, 72 హగ్గర్ ఆరెంజ్, 52 గార్నెట్ రెడ్, 57 ఫాథమ్ గ్రీన్. బండి ఆరెంజ్‌గా ఉండి ట్యాగ్ 57 అంటే రంగు మార్చారన్నమాట. అది నకిలీ అనడానికి లేదు, అయితే రేటు తగ్గించమని అడగడానికి గట్టి కారణం.

డ్యాష్ మీద అద్దంలోంచి కనిపించే విన్ ప్లేట్‌ని పువ్వు రేకుల్లాంటి తలలున్న రివెట్లతో బిగించేవారు. మామూలు గుండ్రటి పాప్ రివెట్లుంటే, గీకిన గుర్తులుంటే ఆ బండి జోలికి పోవద్దు. 1968, 69 కమారోలకి అదే నంబర్ భాగం రెండు దాపుడు చోట్ల కొట్టి ఉంటుంది, ఒకటి ముందద్దం కింద గాలి జాలీ తీస్తే కనపడే రేకు మీద, ఇంకోటి ఫైర్‌వాల్‌కి హీటర్ పెట్టె వెనకాల. ఇవి ప్లేట్‌తో కలవకపోతే అది రేటు గురించి మాట్లాడాల్సిన విషయం కాదు, విన్ ప్లేట్ పీకడం, మార్చడం అమెరికాలో ఫెడరల్ నేరం, అలాంటి బండి మన పేరు మీదికి వస్తే రేపు పోలీసులు తీసుకుపోతారు, డబ్బు మాత్రం తిరిగి రాదు.

సమస్య 5: నాది కమారో కాదు, వేరే బండి

క్లుప్తంగా చెప్తా. షెవెల్ ఎస్ఎస్ 396 అయితే 1966 నించి 68 దాకా విన్ 138 అని మొదలవుతుంది, అది చాలు. 1969 నించి ఎస్ఎస్ ఒక ఆప్షన్ అయిపోయింది, విన్ చాలావరకు మామూలు మాలిబూ లాగే 136 అని ఉంటుంది, అందుకే 1970 ఎస్ఎస్ 454 అని చెప్పే బండి దగ్గర కాగితం లేకపోతే నేనైతే క్లోన్ (మామూలు బండిని ఎస్ఎస్‌లా మార్చినది) రేటే ఇస్తా. పాంటియాక్ జీటీఓకి 1966 నించి 71 దాకా 242 అని మొదలవ్వాలి, 1964, 65లో అది లెమాన్స్ మీద ఆప్షన్ కాబట్టి విన్ చెప్పదు. మస్టాంగ్ వాళ్లు అదృష్టవంతులు, విన్‌లో ఐదో అక్షరమే ఇంజిన్: కే అంటే 289 హై పెర్ఫార్మెన్స్, 1969లో ఆర్ అంటే రామ్ ఎయిర్ ఉన్న 428 కోబ్రా జెట్, జీ అంటే బాస్ 302. తలుపు మీదున్న ప్లేట్ కాకుండా ముందు ఫెండర్ లోపలి రేకు మీద కొట్టిన నంబర్ చూడండి. ప్లిమత్, డాడ్జ్ బండ్లకీ ఐదో అక్షరమే, బీఎస్23ఆర్0బీ అని ఉంటే 1970 హెమీ కుడా, ఆ ఆర్ హెమీ ఇంజిన్‌కి గుర్తు.

సమస్య 6: "పేపర్లన్నీ ఉన్నాయి" అంటారు, చూపించేది మాత్రం లామినేషన్ చేసిన జిరాక్స్

బిల్డ్ షీట్ అనేది ఫ్యాక్టరీలో పనివాళ్లకోసం ప్రింట్ చేసిన కాగితం, సీటు స్ప్రింగుల్లో, పెట్రోల్ ట్యాంకు పైన ఇరుక్కుని దొరుకుతుంటుంది. 50 ఏళ్లు అక్కడున్న కాగితం నలిగి, పసుపెక్కి, తుప్పు మరకలతో, ఎలకలు కొరికి ఉంటుంది. తెల్లగా ఇస్త్రీ చేసినట్టుంటే అనుమానించండి, ఒరిజినల్ చేతికిమ్మని అడగండి. అమ్మేవాళ్లిచ్చే కాగితం కన్నా మీరే తెప్పించుకునేది మేలు: 1967 నించి ఫోర్డ్ బండ్లకి మార్టీ రిపోర్ట్, 1961 నించి 86 దాకా పాంటియాక్‌లకి పీహెచ్ఎస్ అంటే పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్, ఇవి కంపెనీ రికార్డుల నించి వచ్చేవి. అమెరికాలో అమ్ముడైన షెవర్లే బండ్లకి అలాంటి సదుపాయం లేదు, అందుకే కమారోల్లో ఇన్ని నకళ్లు. కెనడాలో కొత్తగా అమ్ముడైన కమారో అయితే మాత్రం జీఎం కెనడా రికార్డు తెప్పించుకోవచ్చు, మనలో టొరంటో వాళ్లకి ఇది పనికొస్తుంది.

కార్‌ఫ్యాక్స్‌లో (విన్‌తో బండి చరిత్ర చూపించే సైట్) ఏమీ రాలేదని కంగారు పడొద్దు, 17 అంకెల విన్ 1981 నించే, ఈ పాత కమారోలకి 13 అంకెలే. టైటిల్ (బండి ఎవరిదో చెప్పే పత్రం) మీద పేరు అమ్మే మనిషిదేనా, నంబర్ ప్రతి అక్షరం ప్లేట్‌తో కలుస్తుందా అన్నది చాలు.

సమస్య 7: పెయింట్ అద్దంలా ఉంది, కానీ తలుపుల సందులు ఒక్కో చోట ఒక్కోలా ఉన్నాయి

కింద తుప్పు, పైన పుట్టీ. మన ఊళ్లలో టింకరింగ్ షెడ్డులో లప్పం పూసి రుద్దినట్టే ఇక్కడ బాండో పూస్తారు. పల్చటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం పట్టుకెళ్లి వెనక చక్రాల చుట్టూ, తలుపుల కింద పెట్టండి, అతుక్కోకపోతే అక్కడ మందంగా పుట్టీ ఉందని అర్థం. డిక్కీలో కార్పెట్ ఎత్తండి. వినైల్ టాప్ ఉంటే దాని అంచుల్లో పొక్కులున్నాయేమో నొక్కి చూడండి. పాత మస్టాంగ్ అయితే అనుమతి అడిగి ముందద్దం కింద జాలీలో ఒక చెంబుడు నీళ్లు పోయండి, లోపల కాళ్ల దగ్గర తడి కనపడితే డ్యాష్ వెనక రేకు తుప్పు పట్టిపోయిందని అర్థం, ఆ రిపేరుకి బండి ముందుభాగం దాదాపు విప్పాలి.

సమస్య 8: రేటు సరిగ్గా ఉందో లేదో తెలియట్లేదు

అడిగే రేట్లు చూసి లెక్క వేసుకుంటే తప్పు లెక్కే వస్తుంది. మీకమ్, బారెట్ జాక్సన్, బ్రింగ్ ఎ ట్రైలర్ లాంటి వేలంపాటల్లో నిజంగా ఎంతకి అమ్ముడయ్యాయో చూడండి, కొన్నవాళ్లు పైన కట్టే ఫీజు కలిపారో లేదో కూడా చూసుకోండి. హాగర్టీ వాళ్ల ధరల పట్టికలో 1 నించి 4 దాకా కండిషన్ ఉంటుంది (1 అన్నిటికన్నా మంచిది), అమ్మేవాళ్లు 2 అంటే చాలాసార్లు నిజంగా 3. అన్నిటికీ మించి, పోల్చేటప్పుడు రుజువున్న జెడ్28ని రుజువున్నదాంతో, క్లోన్‌ని క్లోన్‌తో పోల్చండి, ఆ రెండిటి మధ్య తేడా పదివేల డాలర్ల లెక్కలో ఉంటుంది. క్లోన్ కొనడం తప్పేం కాదు, నడపడానికి హాయిగా ఉంటుంది, క్లోన్ రేటుకి కొంటే చాలు.

సమస్య 9: "సాయంత్రానికి ఇంకొకరు వస్తున్నారు, ఇప్పుడే అడ్వాన్స్ పంపండి"

ఈ మాట వినగానే నాలుగు ఫొటోలు అడగండి: ట్రిమ్ ట్యాగ్, ఇంజిన్ ప్యాడ్ తుడిచాక, బ్లాక్ వెనక పోత తేదీ, విన్ ప్లేట్ రివెట్లు. నిజమైన బండి ఉన్న మనిషి గర్వంగా పంపిస్తారు, ఎందుకంటే వాళ్లు అవి తీసి పెట్టుకునే ఉంటారు. "లైటింగ్ బాలేదు, వచ్చి చూసుకోండి" అంటే ఆ బండిని వదిలేయండి. ఫొటోలు బాగుండి అడ్వాన్స్ ఇవ్వాలనుకుంటే, తనిఖీలో నంబర్లు, తేదీలు కలవకపోతే మొత్తం వెనక్కిస్తాం అని ఈమెయిల్‌లో రాయించుకున్నాకే పంపండి, అదే రోజు ఆ మోడల్ తెలిసిన అప్రైజర్‌ని (బండి పరీక్షించి విలువ కట్టే మనిషిని) మీ ఖర్చుతో బుక్ చేయండి, అమ్మేవాళ్లు చెప్పిన మనిషిని మాత్రం వద్దు.