జీడిపప్పు షెడ్డులో మానవ మూలధనం లెక్క వేయడం ఎలా

పలాస పక్కన కాశీబుగ్గలో ఒక జీడిపప్పు షెడ్డుకు పదహారేళ్ళుగా లెక్కలు రాస్తున్నాను. బాయిలర్, పిక్కలు కోసే యంత్రాలు, ఆరబెట్టే ఓవెన్, తూకం యంత్రం, వీటన్నిటికీ ఆస్తుల ఖాతాలో చోటుంది. ఏటా ఇంత అని తరుగుదల కూడా రాస్తాను. పొట్టు తీసే ఆడవాళ్ళు మాత్రం ఖర్చుల ఖాతాలో, కరెంటు బిల్లుకూ గోనెసంచులకూ మధ్య ఎక్కడో ఉంటారు. ఆ పుస్తకం ఒక్కటే చదివినవారికి షెడ్డులో విలువైనదంతా ఇనుమే అనిపిస్తుంది.

ఒక సీజన్‌లో కూలి రేటు దగ్గర మాట పెరిగి, బాగా పని తెలిసిన ఇద్దరు మానేశారు. ఆ నెల ‘కూలిలో ఆదా’ అని నేనే ఎర్ర సిరాతో గీత గీసి మరీ చూపించాను. మూడు వారాలు తిరగకుండానే విరగని పప్పు తగ్గింది, బద్ద పెరిగింది. పిక్కలు నాసిరకమని సరుకు పంపినవారిని తిట్టుకున్నాం. పిక్కలు అవే, చేతులు మారాయి. అప్పుడు ఒక్కొక్కరి పనితనం రాసుకోవడానికి మొదలుపెట్టిన పట్టిక ఇది. టైలరింగ్ దుకాణానికీ మెకానిక్ షాపుకూ కూడా పనికొస్తుంది.

ముందు మాటకు అర్థం తెలియాలి. డబ్బూ కాలమూ పెట్టి మనిషి సంపాదించుకున్న చదువు, పనితనం, అనుభవం, కాపాడుకున్న ఆరోగ్యం ఏళ్ళ తరబడి రాబడి తెస్తాయి కనుక ఆర్థికశాస్త్రం వాటిని మానవ మూలధనం అంటుంది. నేర్చుకున్న నైపుణ్యాన్ని యంత్రాలతో పాటు స్థిర మూలధనంలో చేర్చాలని 1776లోనే ఆడం స్మిత్ చెప్పాడు. 1960 తర్వాత ఆర్థికవేత్తలు థియోడర్ షుల్ట్జ్, గ్యారీ బెకర్ దాన్ని లెక్కల్లోకి దింపారు. ఇద్దరికీ నోబెల్ వచ్చింది, ఒకరికి 1979లో, మరొకరికి 1992లో. మానవ వనరులు అన్న మాటతో దీన్ని కలపకండి. వనరులంటే మనుషులు, మూలధనమంటే వారిలో ఉన్నది. బాయిలర్‌ను బ్యాంకులో తాకట్టు పెట్టవచ్చు, పనిమంతురాలి బొటనవేలిని పెట్టలేం. సాయంత్రానికి అది ఆమెతో పాటే ఇంటికి వెళ్ళిపోతుంది. అది సంస్థ సొత్తు కాదు కనుకనే నా ఆస్తుల ఖాతాలోకి రాదు. అందుకే వేరే పుస్తకం కావాలి.

మొదటి పని, ఒక గంట కూర్చుని చూడటం. మేమంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడ పక్కన నేను పీట వేసుకున్నాను. జీడిపప్పు రెండు బద్దలు కలిసిన గింజ. అతుకు మీద బొటనవేలు బలంగా పడితే విడిపోతుంది. ఆవిడ నొక్కదు. వేళ్ళ మధ్య పప్పును తిప్పుతూ కత్తి మొనతో పొరను ఒకచోట లేపుతుంది, మిగతాది దానంతట అదే జారుతుంది. మధ్యలో ఒక పళ్ళెం పట్టుకుని, ‘ఇది ఇంకా ఆరలేదు, మళ్ళీ పెట్టించు బాబూ’ అంది. నాకు రెండు పళ్ళేలూ ఒకేలా కనిపించాయి. సరిగా ఆరకపోతే పొర అంటుకుంటుంది, ఎక్కువ ఆరితే పప్పు పెళుసుబారుతుంది. ఓవెన్‌కు ఉన్న మీటరు చెప్పలేనిది ఆవిడ వేలు చెప్పింది. పట్టికలో రాయాల్సింది ఇలాంటివి, ‘అనుభవం పదేళ్ళు’ అని కాదు. పదేళ్ళు తప్పుగా నొక్కినవారూ ఉంటారు.

తర్వాత తూకం. ఒక్కొక్కరూ ఒలిచిన పప్పును వారంలో రెండు రోజులు విడిగా తూయండి, నూటికి ఎంత విరగలేదో రాయండి. పప్పు రకాన్ని బట్టి ఫలితం మారుతుంది కాబట్టి అందరికీ ఒకే బస్తా సరుకు ఇవ్వాలి. 240, 320 అని మనం చెప్పుకునే గ్రేడు అంటే పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు తూగే పప్పుల సంఖ్య. ఆ గ్రేడులూ వాటి ధరలూ విరగని పప్పుకే. బద్ద అయ్యాక గ్రేడూ పోతుంది, ధరా పడిపోతుంది.

ఇక నేర్పడానికి అయ్యే ఖర్చు. దీన్ని చాలామంది సున్నా అని రాస్తారు. నేనూ రాశాను. కింది అంకెలు లెక్క చూపడానికి మాత్రమే, మీవి మీరు వేసుకోండి. కొత్త మనిషి రోజుకు 6 కిలోలు ఒలుస్తుంది, పనితెలిసినవారి కంటే నూటికి 15 ఎక్కువ విరుస్తుంది అనుకుందాం. రోజుకు 900 గ్రాములు. విరగని పప్పుకూ బద్దకూ కిలోకు 150 రూపాయల తేడా ఉంటే రోజు నష్టం 135. నలభై రోజుల్లో అది క్రమంగా సున్నాకు వస్తే మొత్తం దాదాపు 2,700. నేర్పే మనిషి పోగొట్టుకునే పని రోజుకు 50 చొప్పున 2,000. కొత్తవారికి కూలి తగ్గకుండా కలిపిచ్చేది రోజుకు 100 చొప్పున 4,000. అన్నీ కలిపి 8,700. పని పట్టుబడ్డాక రోజుకు 135 మిగిలితే 65 రోజుల్లో తిరిగొస్తుంది. ఇంత త్వరగా డబ్బు తిరిగిచ్చే యంత్రాన్ని నేను చూడలేదు.

ఆ 4,000 దగ్గర కొంచెం ఆగాలి. మా దగ్గర కూలి కిలో లెక్కన. అంటే నేర్చుకునే రోజుల నష్టమంతా నేర్చుకునేవారి మీదే పడుతుంది. రోజంతా కూర్చుని సగం కూలితో ఇంటికి వెళ్ళిన పిల్ల రెండో వారం రాదు. బెకర్ చెప్పినది ఇక్కడే పనికొస్తుంది. ఎక్కడైనా చెల్లే పనితనం అయితే ఖర్చును నేర్చుకునేవారే భరిస్తారు, ఎందుకంటే పక్క షెడ్డు పిలిస్తే వెళ్ళిపోవచ్చు. మన షెడ్డుకే పనికొచ్చేదైతే యజమానికి పెట్టబుద్ధి వేస్తుంది. పలాసలో పొట్టు తీయడం మొదటి రకమే. సిద్ధాంతం అంతవరకూ నిజం. కానీ బియ్యం అప్పు తెచ్చుకుంటున్న ఇంటి పిల్లకు నెల రోజుల నష్టం భరించే శక్తి ఎక్కడిది? అందుకే మొదటి నలభై రోజులూ రోజుకూలి ఇవ్వమంటాను.

తరుగుదల గడి మరచిపోకండి. పిక్క పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి కోసేవారి చేతి తొడుగులు ఈ పద్దులోవే. కంటి పరీక్షా అంతే. మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు సంగతి చెప్పనక్కరలేదు. డయాలసిస్‌కు వెళ్ళే రోజున పనితనం ఉన్నా కూలి లేదు, ఇంట్లో తోడు వెళ్ళే మనిషికీ లేదు. మరోవైపు 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తోటలను కూల్చింది, ఈ చేతుల్లోని పనిని మాత్రం తీసుకుపోలేదు.

చివరి గడి ‘ఎవరికి నేర్పుతున్నారు?’ అన్నది. పెద్దమ్మ పేరు ఎదురుగా అది రెండేళ్ళు ఖాళీగా ఉంది. ఈసారి పిక్కలు దిగకముందే ఆవిడ కోడలిని తీసుకొచ్చింది. ఆ అమ్మాయి పీట మీద కూర్చోకుండానే, ‘మొదటి నలభై రోజులూ రోజుకూలి అన్నారట, కాగితం మీద రాసిస్తారా?’ అని అడిగింది. రాసి, యజమాని చేత సంతకం పెట్టించి ఇచ్చాను.