6146 దొరకనప్పుడు ఏ ట్యూబు పెట్టాలి?

పాత ట్రాన్స్‌మిటర్ (రేడియో సిగ్నల్ పంపే సెట్టు) కొనుక్కున్న ప్రతి హామ్ (సరదాకి రేడియో నడిపే ఔత్సాహికుడు) నన్ను అడిగేది ఒకటే: "ఈ నంబరుకి బదులు ఏ నంబరు పెట్టచ్చు?" నేను ఎదురు ప్రశ్న వేస్తాను: "ఆ సాకెట్‌లో ట్యూబు చేస్తున్న పనేంటి?" మైక్ ఆంప్లిఫయర్ అయితే చిన్నాచితకా తేడాలకి పెద్దగా బెంగ లేదు. ఫైనల్ (యాంటెన్నాకి పవర్ పంపే ఆఖరి ట్యూబు, 6146 లాంటిది) దగ్గరికొచ్చేసరికి నంబరు చివర ఉన్న ఒక్క అక్షరం కూడా కొంప ముంచుతుంది. నాకు ముంచింది, ఆ కథ కిందకొస్తుంది.

ముందు, పాత ట్యూబు నిజంగా పోయిందా? లోపలి గాజుకి అంటుకున్న వెండిపూత (గెట్టర్) పాలలా తెల్లబడితే గాలి దూరినట్టే, దాని పని అయిపోయింది. మెరుస్తూనే ఉంటే తొందరపడి పారేయకండి. పిన్నులకి పట్టిన మురికి, ట్యూబులోని స్క్రీన్‌కి వోల్టేజ్ ఇచ్చే, విలువ పెరిగిపోయిన రెసిస్టర్... ఇవి చేసిన పాపాన్ని ట్యూబు మీద వేసి పారేసినవాళ్లలో నేనూ ఉన్నాను. గాజు మీద నంబరు చెరిగిపోయి ఉంటే గుడ్డతో తుడవద్దు, మిగిలినదీ పోతుంది. నోటితో మెల్లగా ఆవిరి ఊది, దీపానికి ఏటవాలుగా పట్టుకుని చూడండి. చాలాసార్లు అక్షరాలు తేలతాయి.

ఇక వెతుకులాట. కొత్త ట్యూబు కోసం వెతికే ముందు అదే ట్యూబు ఇంకో పేరుతో దొరుకుతుందేమో చూడాలి. 12ఏఎక్స్7ని యూరప్‌లో ఈసీసీ83 అంటారు, 12ఏయూ7ని ఈసీసీ82. 807 మీద అమెరికా సైన్యం వేసిన ముద్ర వీటీ-100, యూరప్ పేరు క్యూఈ06/50. మన 6146కి అక్కడి పేరు క్యూఈ05/40. డ్రైవర్‌గా (ఫైనల్‌కి సిగ్నల్ అందించే ట్యూబుగా) వాడే 6సీఎల్6 బదులు 6197 పెట్టచ్చు. పాత సామాను పెట్టెలో 6146 కోసం మాత్రమే వెతికేవాడు పక్కనే ఉన్న క్యూఈ05/40ని దాటేసి వెళ్లిపోతాడు. ఈ పేర్లన్నీ ఒక చీటీ మీద రాసుకుని వెళ్లండి.

తర్వాత చూడాల్సింది హీటరు, అంటే ట్యూబుని లోపల వేడెక్కించే తీగ. అమెరికన్ నంబర్లలో ముందున్న అంకె చాలావరకు దాని వోల్టేజే: 6 ఉంటే 6.3, 12 ఉంటే 12.6. కానీ 6146, 807, 1625 లాంటి వాటికి ఈ లెక్క పనికిరాదు. 1625 అంటే దాదాపు 807 లాంటిదే, హీటరు 12.6 వోల్టులు, అడుగున ఐదు పిన్నుల బదులు ఏడు. సాకెట్ మార్చి 12.6 వోల్టులు ఏర్పాటు చేసుకోగలిగితే చక్కగా పనిచేస్తుంది. హీత్‌కిట్ వాళ్ల ట్రాన్స్‌మిటర్ డీఎక్స్-100లో మాడ్యులేటర్‌గా (మాటని సిగ్నల్ మీద ఎక్కించే భాగంలో) కంపెనీయే రెండు 1625లు పెట్టింది. అలాగే 6883 అంటే 12.6 వోల్టుల 6146.

రెండు ట్యూబుల హీటర్లు సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటిగా కలిపి) ఉంటే వోల్టేజ్ ఒక్కటే చూస్తే చాలదు. 6146 తీసుకునేది 1.25 ఆంపియర్లు, 6146బీ 1.125. ఈ రెండింటినీ జతకట్టి 12.6 వోల్టులిస్తే సగం సగం పంచుకోవు. మొదటిదానికి సుమారు 6 వోల్టులు, రెండోదానికి 6.6 వస్తాయి. ఒకటి చల్లగా, ఇంకొకటి మాడుతూ నడుస్తాయి. పెడితే రెండూ ఒకే రకం పెట్టండి.

ఇప్పుడు నా కథ. 1950ల నాటి సెట్టు, అందులో ఒంటరి 6146. దొరికింది 6146బీ. ప్లేట్ (ట్యూబులో కరెంటు చేరే లోహపు రేకు) 25 వాట్లకి బదులు 35 వాట్ల వేడి తట్టుకుంటుంది కదా, ఇంకా మంచిదేగా అని సంబరంగా గుచ్చేశాను. ట్యూన్ చేస్తుంటే ప్లేట్ కరెంటు ఒక చోట డిప్ అవుతోంది (కిందికి పడుతోంది), పవర్ మాత్రం ఇంకోచోట ఎక్కువగా వస్తోంది. డ్రైవ్ తగ్గించినా మీటర్ ముల్లు తనంతట తానే ఎగురుతోంది. ట్యూబు ఆసిలేటర్ అయిపోయింది, అంటే తనే సిగ్నల్ పుట్టించడం మొదలుపెట్టింది! రెండింటి లోపలి కట్టడం ఒకటి కాదు, పాత 6146కి సరిపడిన న్యూట్రలైజేషన్ (ప్లేట్ నుంచి గ్రిడ్‌కి, అంటే ట్యూబు ఇన్‌పుట్‌కి, తిరిగొచ్చే సిగ్నల్‌ని రద్దు చేసే సర్దుబాటు) కొత్తదానికి సరిపోలేదు. డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవర్‌ని మింగే రెసిస్టర్) మీద పెట్టి న్యూట్రలైజింగ్ కెపాసిటర్‌ని వెంట్రుకవాసి చొప్పున కదుపుతూ, డిప్, గరిష్ఠ పవర్ రెండూ ఒకే చోటికి వచ్చేదాకా తిప్పితే కుదిరింది. ఓ సాయంత్రమంతా పట్టింది. ఫైనల్ మార్చిన ప్రతిసారీ, అదే నంబరు పెట్టినా సరే, ఈ పరీక్ష చేయండి. కెపాసిటర్‌ని తిప్పడానికి ప్లాస్టిక్ పిడి, ప్లాస్టిక్ మొన ఉన్న పుల్లే వాడండి. ఆ పక్కనే ప్లేట్‌కి 600–700 వోల్టులు ఉంటాయి, ట్యూబు నెత్తిమీద టోపీకి కూడా. ట్యూబు మార్చేటప్పుడు ప్లగ్ పీకినంత మాత్రాన ధైర్యం చేయద్దు; కెపాసిటర్లని బ్లీడర్‌తో (వాటిలో నిల్వ ఉన్న చార్జిని ఖాళీ చేసే రెసిస్టర్‌తో) డిశ్చార్జ్ చేసి, మీటర్‌తో చూసి, అప్పుడే చెయ్యి పెట్టండి.

రెక్టిఫయర్ల (ఏసీని డీసీగా మార్చే ట్యూబుల) సంగతి తేలిక. 866ఏలో పాదరసం ఉంటుంది, పగిలితే పెద్ద తలనొప్పి. దాని బదులు 3బీ28 నేరుగా పెట్టచ్చు, అందులో ఉండేది జెనాన్ వాయువు. 5యూ4 తీసి సిలికాన్ డయోడ్లు పెట్టేవాళ్లు మాత్రం జాగ్రత్త. ట్యూబులో పోయే వోల్టులు ఇక పోవు, హీటర్లు వేడెక్కకముందే పూర్తి వోల్టేజ్ వచ్చి పడుతుంది. పాత ఫిల్టర్ కెపాసిటర్లు దాన్ని తట్టుకుంటాయో లేదో ముందు చూసుకోండి.

ఏళ్ల తరబడి పెట్టెలో ఉన్న ట్యూబుకి నేను మొదట హీటరు మాత్రమే ఇచ్చి కొన్ని గంటలు వదిలేస్తాను. ఆ తర్వాత తక్కువ పవర్‌తో మొదలు. ప్లేట్ కరెంటు, గ్రిడ్ కరెంటు అంకెలు ఒక చీటీ మీద రాసి మూత లోపలివైపు అంటిస్తాను, ఏ బ్యాండ్ మీద తీసుకున్నానో కూడా.