కంప్యూటర్ దానంతటదే ఆగిపోతుంటే లోపం పట్టుకోవడం ఎలా?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఇళ్లలో కంప్యూటర్ పదే పదే ఆగిపోతుంటే చాలామంది ముందుగా చేసే పని విండోస్ మళ్లీ ఎక్కించడం. దయచేసి తొందరపడకండి. అలా చెరిపేస్తే, ఎందుకు ఆగిందో విండోస్ రాసిపెట్టుకున్న చిట్టా కూడా పోతుంది.

ఎలా ఆగిందో మొదట గమనించండి. తెర నీలంగానో నల్లగానో మారి ఏదో ఎర్రర్ పేరు చూపించిందా? కరెంటు తీసేసినట్టు టప్పున ఆరిపోయిందా? బొమ్మ బిగుసుకుపోయి మౌస్ కూడా కదల్లేదా? పేరు చదివేలోపే రీస్టార్ట్ అయిపోతుంటే, స్టార్ట్‌లో 'అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్' వెతికి, 'స్టార్టప్ అండ్ రికవరీ'లో 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' టిక్ తీసేయండి. ఈసారి తెర నిలబడుతుంది, ఫోన్‌తో ఫోటో తీసుకోవచ్చు.

తర్వాత విండోస్ చిట్టాను చూపించే 'ఈవెంట్ వ్యూయర్' తెరిచి, విండోస్ లాగ్స్‌లోని సిస్టమ్‌లో 'కెర్నల్ పవర్' 41 అనే ఎంట్రీ చూడండి. అది ఉన్నంత మాత్రాన పవర్ లోపమని కాదు, సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే అర్థం. అసలు సంగతి 'డీటెయిల్స్' ట్యాబ్‌లో 'బగ్‌చెక్ కోడ్' (ఎర్రర్ సంఖ్య) దగ్గర ఉంటుంది. 26 ఉంటే ముందు ర్యామ్ చూడాలి. 122 అయితే డిస్క్ లేదా దాని కేబుల్, 278 అయితే గ్రాఫిక్స్ డ్రైవర్ లేదా కార్డు. 292 అంటే హార్డ్‌వేరే తప్పు చెప్పిందన్నమాట: ప్రాసెసర్, వోల్టేజి, వేడి వరసగా చూసుకోవాలి. సున్నా ఉంటే విండోస్‌కి తప్పు రాసుకునే వ్యవధి కూడా దొరకలేదు. బిగుసుకుపోతే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపినా సున్నాయే వస్తుంది. అలా ఆపకుండా సున్నా వస్తుంటే కరెంటు వైపు వెళ్లండి.

ఇక్కడే ఎక్కువ మంది మోసపోతారు. సీపీయూని బరంపురమో శ్రీకాకుళమో తీసుకెళ్తే, షాపులో రోజంతా చక్కగా నడుస్తుంది. 'ఏమీ లేదండీ' అని తిప్పి పంపుతారు. ఇంటికొచ్చాక మళ్లీ అదే కథ. అంటే ఇంటి లైన్‌ని అనుమానించాల్సిందే. ప్లగ్గులో ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు రావాలి. 207 కంటే తగ్గకూడదు, 253 దాటకూడదు. బోరు మోటారు వేయించి, ఆ క్షణంలో మీటర్ చూడండి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య నాలుగైదు వోల్టులు దాటితే ఎర్తింగ్‌నో న్యూట్రల్‌నో సరిచేయించాలి. మీటర్ పట్టడం అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఇన్వర్టర్ మీద నడుస్తుంటే, దాని స్విచ్ 'నార్మల్' లేదా 'ఎకో'లో ఉందేమో చూడండి. కరెంటు పోయాక ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపల కరెంటు అందించే డబ్బా) తనలో మిగిలిన ఛార్జితో నిలబడేది సుమారు 16 మిల్లీసెకన్లే. ఆ మోడ్‌లో ఇన్వర్టర్ అందుకునేసరికి అంతకంటే ఆలస్యం కావచ్చు. ఫ్యానుకి తెలియదు, కంప్యూటర్ ఆరిపోతుంది. 'యూపీఎస్' మోడ్‌కి మార్చండి.

లైన్ బాగుండి, గేమ్ లేదా వీడియో ఎడిటింగ్ మొదలుపెట్టగానే ఆరిపోతుంటే ఎస్‌ఎంపీఎస్‌ని అనుమానించండి. ఆ బరువు మీదే, మీటర్‌తో చూస్తే దాని నుంచి వచ్చే పసుపు వైరు 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య ఉండాలి. తగ్గితే మార్చేయడమే. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు, ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత ఛార్జి ఉంటుంది.

వేడి సంగతి తేలిక. వేడి చూపించే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో ప్రోగ్రామ్‌లో ప్రాసెసర్ 95 డిగ్రీలు దాటుతుంటే హీట్‌సింక్ (ప్రాసెసర్ మీద వేడి లాగే లోహపు దిమ్మె) దుమ్ము దులిపి, రెంటి మధ్య ఉన్న పాత థర్మల్ పేస్ట్ తుడిచి, బఠానీ గింజంత కొత్తది వేయండి.

ర్యామ్‌కి పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 అనే పరీక్షా ప్రోగ్రామ్ నడపండి. బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్) ర్యామ్ వేగం పెంచే ఎక్స్ఎంపీ ఆపేసి, రాత్రి పెట్టి వదిలితే నాలుగు పాస్‌లూ (పరీక్ష విడతలు) పూర్తవుతాయి. ఒక్క ఎర్రర్ వచ్చినా వదిలేయకండి. ప్లగ్గు తీసి, ర్యామ్ స్టిక్ బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఒక్కో స్టిక్కునే పెట్టి మళ్లీ పరీక్షించండి. వానాకాలపు చెమ్మకి కాంటాక్టులు పాడవడం మామూలే. ఒకే స్టిక్కు ఏ స్లాట్‌లో పెట్టినా తప్పు చూపిస్తే లోపం దానిదే. ఏ స్టిక్కు పెట్టినా ఒకే స్లాట్‌లో తప్పు వస్తే బోర్డుది.

డిస్క్‌కి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్ చాలు. అందులో సి7 వరసలో (కేబుల్ దారిలో తప్పుల లెక్క) అంకె పెరుగుతుంటే ముందు సాటా కేబుల్ మార్చండి, ఖర్చు కొద్దిపాటిదే. 05 గానీ సి5 గానీ (డిస్క్‌లో పాడైన, పాడవుతున్న చోట్ల లెక్క) పెరుగుతుంటే మాత్రం ఇంకే పరీక్షా పెట్టకండి. పిల్లల ఫోటోలు, పొలం కాగితాల స్కాన్లు వేరే డ్రైవ్‌లోకి ఆ రోజే కాపీ చేసుకుని, తర్వాతే కొత్త డిస్క్ కొనడానికి బయలుదేరండి.