జర్మనీలో ప్రొఫెసరుతో, పై అధికారితో మెలిగే తీరు: కొత్తగా వచ్చినవారికి సూచనలు

గురువు చెప్పినదానికి తల ఊపి, అర్థం కానిదాన్ని తర్వాత తోటివారిని అడిగి తెలుసుకోవడం మనలో చాలామందికి చిన్ననాటి నుంచి ఉన్న అలవాటు. ఆ అలవాటుతోనే ఇక్కడ ఎం.ఎస్. చదవడానికి వచ్చిన నేను, థీసిస్ మొదటి సమావేశంలో సగమే అర్థమైనా అన్నింటికీ సరేనన్నాను. ఆరు వారాలు తప్పు దారిలో పనిచేశాక ప్రొఫెసరు అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "మీరు ఏమీ అడగలేదు కనుక అర్థమైందనే నమ్మాను." ఆయన నమ్మకాన్ని పోగొట్టింది నా మౌనమే తప్ప నా అజ్ఞానం కాదు.

ఆయన నన్ను "మీరు" అన్నారని గమనించండి. జర్మన్‌లో "జీ" అంటే మీరు, "డూ" అంటే నువ్వు. ఈ తేడా తెలుగువారికి కొత్త కాదు గానీ, ఇక్కడి ప్రొఫెసర్లు సాధారణంగా విద్యార్థిని కూడా "జీ" అనే పిలుస్తారు. గౌరవం రెండువైపులా నడుస్తుంది. ఆఫీసుల్లో "డూ" వాడకం పెరిగినప్పటికీ, పెద్దవారో పై అధికారో ముందుగా అనేవరకు ఆగడం మంచిది. ఆ పిలుపుతో చనువు వస్తుంది గాని గడువులు మాత్రం సడలవు.

పరీక్షల్లో 1.0 అత్యుత్తమం, 4.0 వస్తే ఉత్తీర్ణత, 5.0 అంటే తప్పినట్టు. ఫలితాల తర్వాత దిద్దిన జవాబుపత్రాన్ని చూసుకొనేందుకు "ఐన్‌జిష్ట్" పేరుతో ఒక రోజు ప్రకటిస్తారు. సారు నొచ్చుకుంటారేమోనన్న భయంతో మనవాళ్లు చాలామంది వెళ్లరు, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. మార్కులు ఎక్కడ పోయాయని మర్యాదగా అడగడాన్ని ఇక్కడ ఎవరూ ధిక్కారంగా చూడరు.

ఉద్యోగంలో మొదట "ప్రోబెత్సైట్" అనే పరీక్షాకాలం ఉంటుంది. అది గరిష్ఠంగా 6 నెలలు. ఆ వ్యవధిలో సాధారణంగా ఎవరైనా 2 వారాల ముందస్తు నోటీసుతో ఒప్పందం ముగించవచ్చు. ఈ కాలంలో పై అధికారి మీ పనిలోని తప్పును మొహమాటం లేకుండా చెబితే, కోపగించుకున్నారని కుంగిపోకండి. ఆ మాట చాలావరకు పనికే పరిమితం. అలాగే, సాధ్యం కాని గడువుకు "అయిపోతుంది సార్" అనకండి. ముందే కాదని చెప్పినవారికన్నా, ఒప్పుకొని ఆఖరి రోజున చేతులెత్తేసినవారి మీదే ఇక్కడ నమ్మకం త్వరగా పోతుంది.

మాట్లాడినా సమస్య తీరకపోతే "బెట్రీబ్స్‌రాట్" ఉందేమో కనుక్కోండి. కనీసం 5 మంది శాశ్వత సిబ్బంది ఉన్న సంస్థలో ఉద్యోగులు ఎన్నుకోదగిన మండలి ఇది; అప్రెంటిస్‌లకూ 18 ఏళ్లలోపు ఉద్యోగులకూ, వారు కనీసం 5 మంది ఉన్నచోట, వేరే ప్రతినిధులు ఉండవచ్చు. వారి దగ్గరికి వెళ్లడం యజమానికి ద్రోహం చేయడం కాదు, చట్టం ఇచ్చిన దారి. ఉద్యోగం వదిలేటప్పుడు మీ పనితీరును వివరించే "ఆర్బైట్స్‌త్సోయిగ్నిస్" పత్రాన్ని కూడా అడిగి తీసుకోండి. అది మీ హక్కు, తర్వాతి ఉద్యోగానికి దరఖాస్తు చేసేటప్పుడు దానిని తరచుగా అడుగుతారు.