ఎత్తు ఎక్కేటప్పుడు ఏ గేరు?

ఎత్తైన దారిలో యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజిన్ గుడగుడలాడుతూ వణకడం, మాన్యువల్ గేర్ల కారు నడిపే చాలామందికి అనుభవమే. కారుతో వచ్చిన పుస్తకంలో గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) ఎన్ని ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర అందుతుందో చూసుకొని (ఇంజిన్‌లోకి అదనపు గాలిని నెట్టే టర్బో ఉన్న డీజిల్ ఇంజిన్లలో సాధారణంగా 1,750–2,500 మధ్య, టర్బో లేని పెట్రోలు ఇంజిన్లలో తరచుగా 4,000 ప్రాంతంలో), ఎత్తు మొదలవకముందే ఒక గేరు తగ్గించి, ఆర్‌పీఎం చూపే టాకోమీటరు ముల్లును ఆ అంకెకు చేరువలో ఉంచండి.

పై గేరుకు తొందరపడకండి. మూడు నుంచి నాలుగుకు మారితే ముల్లు చాలా కార్లలో దాదాపు పావు వంతు పడిపోతుంది కాబట్టి, 2,000 దగ్గర మారిస్తే 1,500కు జారి, డీజిల్ ఇంజిన్‌కు టర్బో ఊపు అందదు. నాకైతే ఈ ఒక్క లెక్కే ఎక్కువ ఉపయోగపడింది.

అయితే తడిసి జారే దారిలో ఈ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే కింది గేరులో చక్రాలకు టార్క్ ఎక్కువగా చేరి అవి పట్టు తప్పుతాయి.