రెసిడెన్సీ పర్సనల్ స్టేట్‌మెంట్ – 3వ పాఠం: మొదటి పేరా

హౌస్ సర్జన్సీలో మీరు మరిచిపోలేని అయిదుగురు పేషెంట్ల గురించి తలా నాలుగు ముక్కలు రాసుకోమన్నాను కదా, ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఇవాళ అందులోంచే పర్సనల్ స్టేట్‌మెంట్ (అప్లికేషన్‌తో పాటు మన గురించి మనం రాసి పంపే వ్యాసం) మొదటి పేరా తీద్దాం.

అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీకి (డాక్టర్ చదువు అయ్యాక ఆసుపత్రిలో చేసే స్పెషలిస్టు శిక్షణకు) అప్లై చేసే మన పిల్లల స్టేట్‌మెంట్లు చాలావరకు ఒకేలా మొదలవుతాయి: చిన్నప్పుడు తాతయ్యకు గుండెపోటు వచ్చింది, అప్పుడే డాక్టర్ కావాలనుకున్నాను. ఆ బాధ నిజమే. కానీ రేపు తన వార్డులో మీరెలా పనిచేస్తారో ఆ శిక్షణ నడిపే ప్రోగ్రామ్ డైరెక్టర్‌కు దానివల్ల ఏమీ తెలియదు.

ఒక అమ్మాయి మొదట ఇలా రాసింది: "కీటోఅసిడోసిస్ కేసులు ఎన్నో చూశాను. రోగుల పట్ల సానుభూతి అలవడింది." (కీటోఅసిడోసిస్ అంటే ఇన్సులిన్ చాలక రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే ప్రమాదకరమైన స్థితి.) ఒక్క పేషెంట్ గురించి చెప్పమ్మా అన్నాను. అప్పుడు చెప్పింది.

మే నెల. ఒకావిడ నెలలో రెండోసారి కీటోఅసిడోసిస్‌తో అడ్మిట్ అయింది. కేస్ షీట్‌లో "ఇన్సులిన్ సరిగ్గా వాడడం లేదు" అని ఉంది. తెల్లవారుజామున షుగర్ చూడ్డానికి వెళ్లిన ఈ అమ్మాయి, "ఇన్సులిన్ ఎక్కడ పెడుతున్నావమ్మా?" అని అడిగింది. "రేకుల ఇల్లు మేడమ్, గూట్లో పెడతా." ఆవిడ పూట తప్పకుండా సూది వేసుకుంటూనే ఉంది, ఆ వేడికి మందే పాడైపోయింది. డిశ్చార్జ్ రోజున ఈ అమ్మాయి పెద్ద కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న ముంత పెట్టి, సీసా అందులో ఎలా దాచుకోవాలో చేసి చూపించింది.

ఇంత మంచి సంగతిని "ఎన్నో కేసులు" అన్న మాట కింద కప్పేసింది! అదే మొదటి పేరా అయ్యింది. "సానుభూతి" అనే మాట కొట్టేశాం.

ఈరాస్‌లో (రెసిడెన్సీ అప్లికేషన్లు పంపే ఆన్‌లైన్ వ్యవస్థలో) స్టేట్‌మెంట్ రాసే పెట్టెలో 28,000 అక్షరాల దాకా పడతాయి. ఆ జోలికి పోకండి, మొత్తం ఒక పేజీ చాలు. అందులో ఈ పేరా నూరు పదాలు. పేషెంట్ పేరు, ఊరు రాయొద్దు. మార్కులు అప్లికేషన్‌లో ఎలాగూ ఉంటాయి, ఇక్కడ మళ్లీ వద్దు.

ఇంగ్లిష్‌లో రాయాలంటే టెన్షన్ పడేవాళ్లు ముందు ఆ సంగతి ఇంట్లో ఎవరికైనా తెలుగులో చెప్పండి, ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. వాళ్లు మధ్యలో "అప్పుడేమైంది?" అని అడిగిన చోటు గుర్తు పెట్టుకోండి. పేరా అక్కణ్ణుంచే మొదలుపెట్టి రాయండి. తర్వాత మీ రూమ్మేట్ పేరు కింద పెట్టినా సరిపోయే వాక్యం ఏదున్నా కొట్టేయండి.

వచ్చే పాఠంలో గ్యాప్ ఇయర్ సంగతి. ఎంబీబీఎస్ అయ్యాక ఏ నెల ఎక్కడున్నారో ఒక కాగితం మీద వేసి ఉంచండి.